నాగార్జునకొండ ధాతువు వియత్నాం వెళ్లింది, బోధిసిరి మాట ఇక్కడే ఉండిపోయింది

2025 మే నెలలో హో చి మిన్ సిటీలో ఐక్యరాజ్య సమితి వెసాక్ (బుద్ధ పూర్ణిమ) ఉత్సవాలు జరిగాయి. ఆ సందర్భంగా మన ప్రభుత్వం సారనాథ్‌లోని మూలగంధకుటి విహారం నుంచి బుద్ధుడి ధాతువును, అంటే ఆయన శరీర అవశేషాన్ని, వియత్నాం పంపింది. కేంద్ర మంత్రి కిరణ్ రిజిజు వెంట వెళ్లారు. ఆ బృందంలో ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి కందుల దుర్గేశ్ కూడా ఉన్నారు. మొదట అనుకున్న గడువు జనం రద్దీ వల్ల సరిపోలేదు. వియత్నాం కోరితే జూన్ 2 వరకు పొడిగించారు. కోటి మందికి పైగా దర్శించుకున్నారని మన ప్రభుత్వం ప్రకటించింది.

ఆంధ్రా మంత్రి ఎందుకు వెళ్లారో అప్పట్లో చాలామందికి తెలియదు. సారనాథ్‌లో ఉన్న ఆ ధాతువు నాగార్జునకొండలో దొరికిందని ప్రభుత్వమే చెప్పింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ అనే పురావస్తు అధికారి కృష్ణ ఒడ్డున ఆ లోయలో తవ్వకాలు జరిపాడు. మహాచైత్యం అనే పెద్ద స్థూపం అడుగున వెండి భరిణె, దాని లోపల బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికాయి. 1932 డిసెంబర్‌లో పురావస్తు శాఖ దాన్ని సారనాథ్‌లోని మహాబోధి సొసైటీకి అప్పగించింది. అప్పటి నుంచి అది అక్కడే ఉంది.

మాది పల్నాడు వైపు. లాంచీ ఎక్కి కొండకు వెళ్లడం, మ్యూజియంలో సున్నపురాతి పలకల ముందు నిలబడడం మా ప్రాంతం పిల్లలందరికీ అలవాటే. అందుకే టీవీలో హనోయ్ వీధుల్లో బారులు తీరిన జనాన్ని చూసినప్పుడు నిజంగా సంతోషం వేసింది. మా లోయలోది వాళ్లకు ఇంత పవిత్రమా అనిపించింది. ఆ భక్తి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఆ ధాతువు వెంట మన ప్రభుత్వం పంపే కథ గురించే.

ఆ కథ మనందరికీ తెలిసిందే. బౌద్ధం ఇక్కడ పుట్టింది, మనం ప్రపంచానికి ఇచ్చాం, అందుకే ఆసియా దేశాలు మనకు ఆత్మీయులు. 2019లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో ప్రధాని మోదీ, ప్రపంచానికి యుద్ధాన్ని కాక బుద్ధుణ్ణి ఇచ్చిన దేశం మాది అన్నారు. ఇది ఒక్క పార్టీ కథ కాదు. నెహ్రూ కాలం నుంచీ ఢిల్లీలో ఎవరున్నా ఇదే చెప్పారు. కథలో కొంత నిజం ఉంది కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది. కానీ అది సగం నిజం. మిగతా సగాన్ని చెప్పే సాక్ష్యం దొరికింది కూడా మన నాగార్జునకొండలోనే.

అసలు ధాతువులతో దౌత్యం మనం కనిపెట్టింది కాదు. 1898లో పిప్రాహ్వా దగ్గర పెప్పే అనే ఇంగ్లీషు జమీందారు తన ఎస్టేటులోని స్థూపాన్ని తవ్విస్తే ఎముకలు, రత్నాలు బయటపడ్డాయి. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఎముకలను సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు చులాలంగ్‌కోర్న్‌కు కానుకగా ఇచ్చింది. అప్పటికి బ్రిటిష్ వాళ్ల పాలనలోనే బర్మా, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ఉన్నాయి. అక్కడి బౌద్ధులకు కూడా అందులో వాటా వెళ్లింది. బౌద్ధంతో ఏ సంబంధమూ లేని సామ్రాజ్యం, బౌద్ధ రాజు దగ్గర మంచి పేరు కోసం, తనది కాని వస్తువును పంచిపెట్టింది.

స్వతంత్ర భారతం అదే దారి పట్టింది. సాంచీ నుంచి లండన్ చేరిన, బుద్ధుడి ముఖ్య శిష్యులు సారిపుత్త, మొగ్గల్లానుల ధాతువులు తిరిగొచ్చాక వాటిని సిలోన్‌కూ బర్మాకూ తీసుకెళ్లి, 1952లో సాంచీలో కొత్త విహారంలో ఉంచారు. 1956లో బుద్ధ జయంతి 2500 ఏళ్ల ఉత్సవాలు ఘనంగా జరిగాయి. చైనా కూడా ఊరుకోలేదు. బీజింగ్‌లో ఉన్న బుద్ధుడి దంతాన్ని 1955లో బర్మాకు, 1961లో సిలోన్‌కు పంపింది. మతాన్ని నమ్మని కమ్యూనిస్టు ప్రభుత్వమే ఈ పని చేసిందంటే, ఇందులో విశ్వాసం పాలెంతో, లెక్క పాలెంతో అర్థమవుతుంది.

ఈ పోటీ ఇప్పటికీ నడుస్తోంది. 2024 ఫిబ్రవరిలో మన ధాతువులు బ్యాంకాక్‌లోని సనాం లువాంగ్ మైదానంలో కొలువుతీరాయి. అదే ఏడాది డిసెంబర్‌లో చైనా దంత ధాతువు వచ్చింది. మళ్లీ అదే మైదానానికి. మాది ముందు, మాది గొప్ప అని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

సరే, ఇంత చేసి ఏం సాధించాం? నా మనసులో ఎప్పుడూ మెదిలే ఉదాహరణ హుయాన్ త్సాంగ్‌ది. ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకం దాకా వచ్చిన ఆ చైనా యాత్రికుడి ధాతువును 1957లో చైనా మనకు ఇచ్చింది. నలందలో జరిగిన సభలో చైనా తరఫున దాన్ని నెహ్రూకు అందించింది దలైలామా. ఆయన చేత్తో ఇప్పించడంలోనే ఎంత రాజకీయం ఉందో చూడండి. రెండేళ్లకు దలైలామా ప్రాణాలు దక్కించుకుని ఇండియా చేరారు. ఐదేళ్లకు యుద్ధం వచ్చింది.

అది పాత సంగతి అనుకుంటే, 2019 అక్టోబర్‌కు రండి. మామల్లపురం శిల్పాల మధ్య మోదీ, షీ జిన్‌పింగ్ నడుస్తూ మాట్లాడుకున్నారు. పల్లవుల కాలంలో తమిళ తీరానికీ చైనాకూ ఉన్న బంధం మీద కథనాలు వచ్చాయి. మామల్లపురానికీ ఫూజియన్ రాష్ట్రానికీ మధ్య ఉన్న పాత సంబంధాలను పరిశోధించేందుకు ఒక అకాడమీ పెట్టాలని కూడా అనుకున్నారు. ఎనిమిది నెలలకు, 2020 జూన్ 15 రాత్రి, గల్వాన్ లోయలో ఇరవై మంది మన సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ వారమంతా తెలుగు నేల ఎలా తల్లడిల్లిందో మనకు గుర్తుంది. రెండువేల ఏళ్ల స్నేహం అన్న మాట ఆ రాత్రి ఎవరినీ కాపాడలేదు.

దీన్ని బట్టి చరిత్రతో దౌత్యం దండగ అని నేను అనడం లేదు. మామూలు జనంలో అది మంచి పేరు తెస్తుంది. యాత్రికులను తెస్తుంది. మంగోలియా లాంటి చిన్న దేశానికి పక్కనున్న పెద్ద దేశం ఒత్తిడి చేస్తున్నప్పుడు, 2022లో మనం పంపిన ధాతువులు ఒక ఊరట. కానీ ప్రభుత్వాలు నిర్ణయాలు తీసుకునేది సరిహద్దు, డబ్బు, ఆయుధాలు, నీళ్లు చూసే. చరిత్ర ఆ నిర్ణయాలకు పూలదండ వేయడానికి పనికొస్తుందేమో గానీ, వాటిని మార్చదు.

లాభం అంత తక్కువైనప్పుడు నష్టమేమిటో చూడాలి. నష్టం ఎక్కడుందంటే, "మనం ఇచ్చాం" అన్న మాటలో ఉంది. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. ఈ సంగతి ఇచ్చేవాడికి తోచదు, అవతలివాడికి మాత్రం వెంటనే తగులుతుంది. 2020 ఆగస్టులో మన విదేశాంగ మంత్రి జైశంకర్ ఒక సమావేశంలో ఇప్పటికీ గుర్తుండే గొప్ప భారతీయులుగా బుద్ధుణ్ణీ గాంధీనీ ప్రస్తావించారు. ఆ వెంటనే నేపాల్ విదేశాంగ శాఖ బుద్ధుడు లుంబినిలో పుట్టాడని ప్రకటన ఇచ్చింది. లుంబిని నేపాల్‌లో ఉందన్న విషయంలో సందేహమే లేదని మన శాఖ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటికే మ్యాపుల గొడవతో రెండు దేశాల మధ్య టెన్షన్ ఉంది. బుద్ధుడి కాలంలో ఇండియా లేదు, నేపాల్ లేదు. శాక్యులున్నారు, కోసలులున్నారు. ఇప్పటి పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టాలని చూస్తే ఇలాగే అవుతుంది.

చైనా చెప్పుకునే కథలోనూ ఇదే లోపం. పదిహేనో శతాబ్దపు నౌకాధిపతి ఝెంగ్ హే గురించి వాళ్లు చెప్పే మాట ఒకటే: మా ఓడలు కానుకలతో వచ్చాయి, ఎవరి నేలా ఆక్రమించలేదు. 2017లో బెల్ట్ అండ్ రోడ్ సభలో షీ జిన్‌పింగ్ చెప్పింది కూడా అదే అర్థం వచ్చేట్టు. కానీ ఆ ఓడల్లో వేల మంది సైనికులున్నారు. 1411 ప్రాంతంలో సిలోన్‌లో అక్కడి పాలకుడు అలకేశ్వరుడితో యుద్ధం చేసి, అతణ్ణీ కుటుంబాన్నీ పట్టుకుని చైనా చక్రవర్తి ముందు నిలబెట్టారు. శ్రీలంకలో ఓడరేవులు కడుతున్నప్పుడు చైనా చెప్పే కథలో ఈ సంగతి రాదు.

ఆ ఝెంగ్ హే వేయించిన శాసనం గాలేలో 1911లో దొరికింది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. ఒకే రాయి, మూడు భాషలు. చైనా భాషలో బుద్ధుడికి కానుకలు సమర్పించామని ఉంది. తమిళంలో తెన్నవరం విష్ణువుకు, పారశీకంలో అల్లాకు. ఎవరు చదివితే వారి దేవుడికే ఆ కానుకలు. పరాయి దేశంలో ఎవరికి నచ్చే మాట వాళ్లకు చెప్పడం ఆరువందల ఏళ్ల కిందటే ఇంత పకడ్బందీగా సాగింది. విదేశాంగ శాఖలో కొత్తగా చేరినవాళ్లకు ఆ రాయిని చూపించాలని నాకనిపిస్తుంది.

మనమూ ఇంటి దగ్గర ఒకటి, బయట ఒకటి చెబుతున్నాం. ఇండియా ఎవరి మీదా దండెత్తలేదని మన నాయకులు విదేశీ వేదికల మీద చెబుతుంటారు. ఇంటి దగ్గరేమో రాజేంద్ర చోళుడు 1025లో శ్రీవిజయం మీద నౌకాదళంతో దాడి చేసి కడారం కొల్లగొట్టిన ఘనతను పండుగలా జరుపుకున్నాం. 2025 జూలైలో గంగైకొండ చోళపురంలో ప్రధాని స్వయంగా పాల్గొన్నారు, స్మారక నాణెం విడుదల చేశారు. కడారం అంటే ఇప్పటి మలేషియాలోని కెడా. శ్రీవిజయానికి రాజధాని ఇండోనేషియాలోని పాలెంబాంగ్. వాళ్లకు టీవీలు లేవా, వార్తలు రావా? ఇంట్లో విజయగర్వం, బయట శాంతి మంత్రం, రెండూ ఒకే నోటితో చెబితే రెండోదాన్ని ఎవరూ నమ్మరు.

ఆ శ్రీవిజయం సంగతే తీసుకోండి. దాడికి ఇరవై ఏళ్ల ముందు, అదే శ్రీవిజయ రాజులు రాజరాజ చోళుడి అనుమతితో నాగపట్నంలో చూడామణి విహారం కట్టించారు. అంతకు నూటయాభై ఏళ్ల ముందు అక్కడి రాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించి, దాని ఖర్చుకు గ్రామాలు ఇప్పించమని పాల వంశపు చక్రవర్తి దేవపాలుణ్ణి కోరాడు. నలంద మన గర్వం. నిజమే. కానీ అక్కడి ఇటుకల్లో సుమత్రా డబ్బు కూడా ఉంది.

ఇప్పుడు మా లోయకు వస్తాను. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు విజయపురి నుంచి పాలించారు. రాజులు వైదిక యజ్ఞాలు చేసేవారు. వంశకర్త చాంతమూలుడు అశ్వమేధం చేశాడని, మహాసేనుడి (కుమారస్వామి) భక్తుడని శాసనాలు చెబుతాయి. బౌద్ధ విహారాలకు దానాలిచ్చింది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లు. ధాతువు దొరికిన మహాచైత్యానికి పెద్ద దాత రాజు చెల్లెలు చాంతిసిరి. ఒకే కుటుంబంలో ఇద్దరు రెండు దారుల్లో నడిచినా ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఇది ఒక్కటి చెప్పినా బయటి దేశాలకు మన గురించి ఎంతో తెలుస్తుంది.

కానీ నాకు అన్నిటికంటే విలువైంది బోధిసిరి అనే ఉపాసిక, అంటే సన్యసించని బౌద్ధ భక్తురాలు, వేయించిన శాసనం. ఆమె రాణి కాదు. ఒక గృహస్థుడి కూతురు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, దాన్ని తంబపణ్ణి ఆచార్యులకు అంకితం చేసింది. తంబపణ్ణి అంటే శ్రీలంక. ఆ ఆచార్యుల గొప్పతనాన్ని శాసనం ఇలా చెబుతుంది: కశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తంబపణ్ణి, ఇన్ని దేశాల ప్రజలకు వీళ్లు ధర్మం మీద ప్రీతి కలిగించారు.

ఒకసారి ఆగి చదవండి. కశ్మీర్‌కూ, బెంగాల్‌కూ, కళింగంలోని తోసలికీ, కర్ణాటకలోని వనవాసికీ ధర్మం చెప్పింది లంక ఆచార్యులని కృష్ణ ఒడ్డున ఒక తెలుగు నేల స్త్రీ రాయి మీద చెక్కించింది. ఆ లోయలోనే సింహళ విహారం కూడా ఉండేది. అక్కడి బోధివృక్షానికి గుడి కట్టించింది కూడా బోధిసిరే. కంటకసోలలో, అంటే మన ఘంటసాలలో, రాతి మండపం కట్టించింది కూడా ఆమే. లంక భిక్షువులు మన దగ్గర చదువుకోవడానికి వచ్చిన పిల్లలుగా ఆ శాసనంలో కనిపించరు. గురువులుగా కనిపిస్తారు.

అది కూడా ఒక సంఘం తన గొప్ప కోసం చేసుకున్న ప్రచారమే కావచ్చు. ఆ జాబితాను అక్షరాలా నమ్మాలని నేను అనను. కానీ పదిహేడు వందల ఏళ్ల కిందట మన నేల మీద ఉన్నవాళ్లకు, సముద్రం అవతలి వాళ్లు మా గురువులని చెప్పుకోవడంలో చిన్నతనం కనిపించలేదు. అది నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇంతకీ వియత్నాం వెళ్లిన ధాతువును దాదాపు తొంభై ఏళ్లుగా చూసుకుంటున్నది ఎవరు? మహాబోధి సొసైటీ. 1891లో దాన్ని స్థాపించిన అనాగారిక ధర్మపాల కొలంబోలో పుట్టినవాడు. బుద్ధగయ దీనస్థితి చూసి ఆయన చేసిన పోరాటం లేకపోతే, మనం ఈరోజు గర్వంగా చూపించే బౌద్ధ యాత్రాస్థలాలు ఇలా ఉండేవి కావు. మూలగంధకుటి విహారం కట్టించింది ఆయనే. లోపలి గోడల మీద బుద్ధుడి జీవితాన్ని చిత్రించినవాడు జపాన్ చిత్రకారుడు. అంతకు ముందు, 1870ల చివర్లో, బుద్ధగయ ఆలయం బాగుచేయడానికి మనుషుల్ని, డబ్బును పంపినవాడు బర్మా రాజు మిండోన్. బౌద్ధం మన నేల మీద దాదాపు మాసిపోయిన కాలంలో దాన్ని తిరిగి తెచ్చి మన చేతిలో పెట్టింది ఈ పొరుగువాళ్లే. ఆ ధాతువును విమానంలో పంపేటప్పుడు మన ప్రకటనల్లో ఈ కృతజ్ఞత కూడా ముందు వరుసలో ఉండాలి.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. నా స్నేహితుడొకడు ఎప్పుడూ ఇదే అంటాడు. "చైనా వాడు అబద్ధాలతో ఆట ఆడుతుంటే, మనం నిజాయితీ అంటూ కూర్చుంటే నష్టపోమా?" తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. దౌత్యం సత్సంగం కాదని నాకూ తెలుసు. ఏ విదేశాంగ శాఖా తన దేశపు తప్పులన్నీ చదివి వినిపించదు. కానీ "మేమే మూలం" అన్న పోటీలో మనం గెలవలేం. అందరూ అదే పాట పాడుతుంటే వినేవాడికి తేడా తెలియదు. చైనాకు ఇవ్వడానికి డబ్బు ఎక్కువుంది, కట్టడానికి ఓడరేవులున్నాయి. మన దగ్గర ఉన్నదీ వాళ్ల దగ్గర లేనిదీ ఒకటుంది. పరాయి గురువుల పేరు రాయి మీద చెక్కుకున్న చరిత్ర. దాన్ని దాచుకుని, చైనా పాడే పాటనే మనమూ పాడడం తెలివైన పనిగా నాకు కనబడదు.

వియత్నాం విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడ 'మీ సన్' అనే చోట ఉన్న పాత హిందూ ఆలయాలను మన పురావస్తు శాఖ చాలా శ్రద్ధగా బాగుచేసింది. 2020లో అక్కడ తొమ్మిదో శతాబ్దపు శివలింగం బయటపడితే మన విదేశాంగ మంత్రే ఆ వార్త పంచుకున్నారు. మంచిదే. కానీ ఆ ఆలయాలు కట్టింది చంపా రాజ్యపు చామ్ ప్రజలు. 1471లో చంపా రాజధాని విజయను పడగొట్టింది వియత్ రాజు లే థాన్ తోంగ్. ఈరోజు చామ్‌లు వియత్నాంలో ఒక చిన్న మైనారిటీ. మనం "వియత్నాంతో మన నాగరికతా బంధం" అని ఆ లింగాన్ని చూపిస్తే, గెలిచినవాడితో ఓడినవాడి వారసత్వం గురించి మాట్లాడుతున్నట్టు. ఆ చామ్ ప్రజల పేరు కూడా ఎత్తకుండా శివలింగం గురించి మాత్రమే సంబరపడడం నాకు సబబుగా తోచదు. చరిత్రను ప్రభుత్వం చేతికి పూర్తిగా వదిలేస్తే ఇలా బతికున్న మనుషులే మాయమైపోతారు.

అందుకే ఈ పని మనలాంటి మామూలు పాఠకులు, టీచర్లు, యూనివర్సిటీలు చేయాలి. ప్రభుత్వానికి అవసరమైన కథ అది చెప్పుకుంటుంది. మన పిల్లలకు మనం చెప్పే చరిత్ర ఆ ప్రకటనలకు నకలు కాకూడదు. సాగర్‌కు అటు తెలంగాణలో బుద్ధవనం ఉంది, ఇటు ఆంధ్రాలో నాగార్జునకొండ మ్యూజియం ఉంది. రెండు రాష్ట్రాలూ ఏటా టూరిజం గురించి మాట్లాడతాయి. ఆ మాటల్లో బోధిసిరి పేరు ఎన్నిసార్లు వస్తుంది? శ్రీలంక యూనివర్సిటీల నుంచి విద్యార్థుల్ని పిలిచి, మన ప్రాకృత శాసనాల విద్యార్థులతో కలిపి ఆ లోయ శాసనాలన్నీ మళ్లీ చదివించవచ్చు. తెలుగులోకీ సింహళంలోకీ ఒకేసారి తేవచ్చు. దీనికి విమానాలు అక్కర్లేదు, మంత్రుల బృందాలు అక్కర్లేదు. రెండు స్కాలర్‌షిప్పులు, ఓపికున్న ఒక ప్రొఫెసర్ చాలు.

ఇక మళ్లీ ఎప్పుడైనా నాగార్జునకొండ ధాతువు దేశం దాటితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒకటే. మంత్రితో పాటు బోధిసిరి శాసనం నకలును కూడా పంపండి. దాని అర్థాన్ని ఆ దేశం భాషలో పక్కనే పెట్టండి. తంబపణ్ణి గురువులకు మా ఊరి ఆడమనిషి చెప్పిన కృతజ్ఞతను కొలంబోలోనూ హనోయ్‌లోనూ జనం చదువుకోనివ్వండి.